ఐదో జింక

సంకెళ్లు ఎమరీ బీచీ మణికట్టుకు పట్టలేదు. డెప్యూటీ డెల్మార్ క్రాస్ రెండుసార్లు ప్రయత్నించి విసుక్కున్నాడు. చివరికి ఎమరీయే, "ఆగు నాయనా, చెయ్యి ఇలా పక్కకి తిప్పితే పడుతుందేమో చూడు" అని సాయం చేశాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న వెర్నా ఫ్రేజీ ముందుకొచ్చింది. కౌంటీ డిటెక్టివ్‌గా ఎంతోమందికి బేడీలు వేసింది గానీ, వేయించుకునేవాడు ఇంత శ్రద్ధగా చెయ్యి అందించడం ఎప్పుడూ చూడలేదు.

"అవి తీసెయ్ డెల్మార్. ఆయనకి డెబ్భై ఏళ్లు. ఎక్కడికి పారిపోతాడు? నేను మాట్లాడాలి."

డెల్మార్ బేడీలు తీసి నడుముకి తగిలించుకున్నాడు. "వారం నుంచి మాట్లాడుతూనే ఉన్నావుగా. నువ్వు మాట్లాడుతుండగానే క్లీటస్‌ని పాతిపెట్టి వచ్చాం కూడా."

ఆ మాట వెర్నాకి గట్టిగానే తగిలింది. అబద్ధమైతే తిప్పికొట్టేది.

కిందటి శనివారం చర్చి నేలమాళిగలో, ఇల్లు గడవనివాళ్లకి జింక ఖీమా పొట్లాలు పంచారు. సోమవారానికల్లా ఏడుగురు మంచం పట్టారు. నోట్లోంచి చొంగ, వాంతులు, ఊపిరి అందకపోవడం. ఒంటరిగా ఉండే క్లీటస్ రోడ్‌హీవర్ మంగళవారం పొద్దున వంటింట్లో చచ్చి పడి ఉన్నాడు. ఐదేళ్ల జూనీ పెద్దాసుపత్రిలో గాలి మిషను మీద ఉంది. మాంసంలో పురుగుమందు జాతి విషం ఉందని డాక్టర్లు తేల్చారు. ఆ మాంసమంతా ఈ కసాయి కొట్టులో తయారైందే. వేటగాళ్లు దానంగా ఇచ్చే జింకల్ని ఎమరీ ఎన్నో ఏళ్లుగా కూలి తీసుకోకుండా కోసిపెడుతున్నాడు.

నిన్న సింకు కింద ఈగల మందు డబ్బా దొరికింది. డెల్మార్ లెక్కలో కేసు అక్కడితో ముగిసిపోయింది.

వెర్నా లెక్కలో ముగియలేదు. రోజూ పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేస్తే "అలాగే ఉంది" అన్న ఒక్క జవాబే వస్తోంది. జూనీ తల్లి డార్లా ఆమెను అడిగింది కూడా ఒక్కటే. "నా పిల్ల సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ మాంసం ఇంకెక్కడైనా మిగిలుందేమో మీరు చూడండమ్మా. ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదు." వెర్నా మాటిచ్చింది. ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం ఆమెకు తెలియదు.

ఎమరీ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఈగల మందు ఆఖరిసారి ఎప్పుడు వాడారు?"

"ఎండాకాలంలో. అదీ పెరట్లో, చెత్తడబ్బాల దగ్గర."

"ఇప్పుడు డిసెంబరు," అంది వెర్నా, డెల్మార్ వైపు తిరిగి. "ఈ కొట్లో ఒక్క ఈగని చూపించు. బేడీలు నేనే వేస్తాను."

"ఈగలు లేకపోతేనేం, చేతులు కడుక్కోని ముసలాడున్నాడు. జ్యూరీకి అది చాలు."

"నేను చేతులు కడుక్కుంటాను డెల్మార్," అన్నాడు ఎమరీ. ఈ వారంలో ఆయనకు రోషం వచ్చింది ఆ ఒక్క మాటకే.

"ఎమరీ గారూ, ఆ రోజు వచ్చిన జింకల్లో మీకు తేడాగా అనిపించింది ఏదైనా ఉందా?"

ముసలాయన బల్ల మీది కత్తుల వైపు చూశాడు.

"కొన్ని నల్లగా ఉన్నాయమ్మాయ్. రక్తం సరిగ్గా దిగలేదు. చూశాను."

"చూసి కూడా కోశారా?"

"దానంగా తెచ్చిచ్చాడు మనిషి. బాగాలేదని మొహం మీద ఎలా అంటాం? కాస్త పంది కొవ్వు ఎక్కువ కలిపి తిప్పాను. అంతే."

"వేరుగా తిప్పారా?"

"లేదు. డబ్బిచ్చి కోయించుకునేవాడు తన జింక తనకే రావాలంటాడు, అది వేరుగా తిప్పుతాను. దానం చేసేవాడు అలా అడగడుగా. దానం జింకలన్నీ ఒకే తొట్టి." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఆ తొట్టిలో పన్నెండు జింకలున్నాయి. నా చేత్తోనే కలిపాను."

"విన్నావా?" డెల్మార్ బల్ల మీద చరిచాడు. "మాంసం పాడైందని తెలిసి తిప్పాడు. తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి నీకు?"

వెర్నా లేచి వెనక షెడ్డులోకి నడిచింది.

జింక తోళ్లు అక్కడ ఉప్పు చల్లి దొంతరగా పేర్చి ఉన్నాయి. తోళ్ల వ్యాపారి వచ్చి పట్టుకెళ్లేదాకా ఎమరీ వాటి కాళ్లకు కట్టిన చీటీలు తియ్యడు. వెర్నా కోటు చేతులు పైకి మడిచి ఒక్కొక్క తోలునూ తిరగేసింది. వేట ఆమెకు కొత్తకాదు. వాళ్ల నాన్న ఒట్టో ఆమె చేత ఎన్నో తోళ్లు ఒలిపించాడు. బతికున్న జింకకు తూటా తగిలితే కన్నం చుట్టూ, తోలు లోపలి వైపు, రక్తం అరచేతి మేర గడ్డకట్టి కమిలిపోతుంది. మొదటి తోలు అలాగే ఉంది. రెండోదీ అంతే. దొంతర అడుగుకి వచ్చేసరికి ఆమె చేతులు నిదానించాయి.

నాలుగు ఆడ జింకల తోళ్లు. నాలుగింటికీ తూటా కన్నాలున్నాయి. చుట్టూ కమిలిన జాడ లేదు. అట్టకు పంచింగ్ మిషనుతో కొట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"ఇటు రా డెల్మార్. తూటా తగిలేటప్పటికే ఇవి చచ్చి ఉన్నాయి."

డెల్మార్ వంగి చూశాడు. చీటీల మీద పేరు చూడగానే నవ్వేశాడు. "హార్లన్ వుల్ఫోర్డా? చర్చి పెద్ద. నూరెకరాల ఆపిల్ తోట ఉన్నవాడు. చచ్చిన జింకని తుపాకీతో కాల్చి ఇక్కడిదాకా మోసుకొచ్చాడంటావా? దేనికి?"

"ఆడ జింకని వేటాడి దానమిస్తే, ఒక్కోదానికి పన్నులో యాభై డాలర్లు తగ్గుతుంది. ఏడాదికి నాలుగింటిదాకా. కానీ వేటాడిందై ఉండాలి. చచ్చి దొరికింది చెల్లదు. అందుకే కన్నం పెట్టాడు."

"రెండొందల డాలర్ల కోసం మనుషుల్ని చంపుతాడా? అదెవరికైనా చెప్పావంటే నిన్ను చూసి నవ్వుతారు."

"చంపాలని ఎవరన్నారు? విషం ఆ జింకల్లోనే ఉందంటున్నాను. అలాంటివి ఇంకెక్కడున్నాయో హార్లన్‌కే తెలియాలి."

"ఎక్కడా లేవు. పొట్లాలన్నీ వెనక్కి తెప్పించాను, కాల్పించేశాను. దోషి దొరికాడని మధ్యాహ్నం రేడియోలో కూడా చెప్పాను."

వెర్నా నిటారుగా లేచి నిలబడింది. "అప్పుడే చెప్పేశావా?"

"జనం భయంతో చస్తుంటే నీ తోళ్ల పరిశోధన అయ్యేదాకా ఆగమంటావా? సాయంత్రం ఫైర్ స్టేషన్ పక్కన ఫైర్ హాల్లో జూనీ ఆసుపత్రి ఖర్చుల కోసం మాంసం చిల్లీ కూర విందు పెట్టాం. నిశ్చింతగా రండి, కడుపునిండా తినండి అన్నాను. వడ్డన కూడా నాదే." డెల్మార్ టోపీ సర్దుకున్నాడు. "షెరీఫ్ ఎన్నికల్లో నువ్వు నా మీద నిలబడాలనుకుంటే నిలబడు. ఈ పిల్ల పేరు చెప్పి మాత్రం నిలబడకు."

ఎమరీని జీపెక్కించుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ముసలాయన కిటికీలోంచి, "కొట్టు తలుపు వేసిపో అమ్మాయ్, ఎలుగులొస్తాయి" అన్నాడు.

* * *

వుల్ఫోర్డ్ వాళ్ల వేట క్యాంపు కొండ వెనక లోయలో, వాగు ఒడ్డున ఉంది. అక్కడికి సగం దూరంలో ఉండగానే ఫోన్ చచ్చిపోతుంది. ఇంకొంచెం దిగితే పోలీసు రేడియో కూడా గురక పెట్టడం తప్ప ఏమీ పలకదు. వెర్నా వెళ్లేసరికి నాలుగున్నర దాటింది. ఇవాళ్టితో వేట ముగిసినట్టే కాబట్టి మిగతా వాళ్లందరూ వెళ్లిపోయారు. హార్లన్ ఒక్కడే చలికి పైపులు పగలకుండా వాటిలోని నీళ్లు తీసేస్తున్నాడు. అరవై దాటినా చెక్కు చెదరని మనిషి.

"ఒట్టో కూతురా! రా, రా. కాఫీ ఉంది. మీ నాన్న పోయాక ఈ గుమ్మం తొక్కావా నువ్వు?"

"ఆడవాళ్లని తొక్కనిస్తేగా మీరు."

హార్లన్ నవ్వి ఇనప కప్పులో కాఫీ పోశాడు. వెర్నా దాన్ని చేతిలో పట్టుకుని నిలబడే ఉంది.

"మీరు దానమిచ్చిన నాలుగు జింకల్నీ ఎప్పుడు కొట్టారు?"

"వేట మొదటి రోజు శనివారం. చీటీల మీద రాసుందిగా."

"నాలుగూ ఆ ఒక్కరోజే?"

"అదృష్టం బాగుంది. పైప్‌లైన్ గట్టు మీద కూర్చున్నాను. పొద్దున రెండు, సాయంత్రం రెండు."

"ఎవరైనా చూశారా?"

"వేటకెళ్లేది సాక్షుల్ని వెంటేసుకుని కాదుగా?"

గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. ముందే వల్లించుకున్నాడని వెర్నాకి అర్థమైంది, కానీ అర్థమైతే ఏం లాభం? తోళ్లు చూపిస్తే, "నా తూటా అలాగే తగిలింది" అంటాడు. డెల్మార్ వత్తాసు పలుకుతాడు. ఎమరీ జైల్లో కూర్చుని తన తొట్టినే తలుచుకుంటూ చస్తాడు. ఎటు చూసినా గోడే.

నిజంగానే గోడ వైపు చూసింది.

పొయ్యి వెనకాల పలకల గోడ మీద చొక్కా తోకలున్నాయి. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచుని కత్తితో కోసి, పేరూ తేదీ రాసి, మేకు కొట్టి వేలాడదియ్యడం ఈ కొండల్లోని క్యాంపులన్నింటా ఉన్నదే. తాతల నాటివి పొగచూరి నల్లబడ్డాయి. మూడో వరసలో ఒట్టో ఫ్రేజీవి మూడున్నాయి. ఒకటి వెర్నా చిన్నప్పుడు అమ్మ కుట్టిన పసుపు గళ్ల చొక్కాది. ఆ రాత్రి అమ్మ తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ వరస చివర ఒక కొత్త గుడ్డ ఉంది. నీలం గళ్ల ఫ్లానెల్, ఇంకా మడత కూడా నలగలేదు. దాని మీద 'హార్లన్' అని రాసుంది. పక్కన తేదీ, ఈ ఏటి వేట మొదటి రోజు.

వెర్నా కప్పు కింద పెట్టింది.

"ఆ రోజు గురి తప్పారన్నమాట."

హార్లన్ చెయ్యి పైపు మీద ఆగింది. "పొద్దున్నే ఒకటి తప్పింది. తర్వాత కొట్టాను."

"తర్వాత ఎలా కొడతారు? తోక తెగినవాడు ఆ రోజంతా తుపాకీ ముట్టడు. క్యాంపులో కూర్చుని అందరికీ వంట చెయ్యాలి. మా నాన్న మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ ఉప్పు ఎక్కువైందని ఇంటికొచ్చి వాపోయాడు. మీరు ఆ రోజు ఏం వండారు?"

ఆయన పైపు మీంచి చెయ్యి తీసేశాడు.

"చెప్పకపోతే మిగతా వాళ్లని అడుగుతాను. ఏం తిన్నారో ఎవరూ మర్చిపోరు. పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి దగ్గరున్న మనిషి పైప్‌లైన్ గట్టు మీద నాలుగు జింకల్ని ఎలా కొట్టాడు?"

"సూప్," అన్నాడు హార్లన్ చివరికి. "బఠానీల సూప్."

"ఆ గుడ్డ పీకేసి పొయ్యిలో పడేసి ఉంటే నేనిప్పుడు ఉత్త చేతుల్తో పోయేదాన్ని."

"దాన్నా?" ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది. "అదెలా పీకుతాం? మా తాతదుంది అక్కడ. ఈ గోడ మీది గుడ్డ ఇంతవరకూ ఎవడూ పీకలేదు."

రాష్ట్రానికి దొంగ చీటీ రాయడానికి వెనకాడని మనిషికి, గోడ మీది గుడ్డముక్క తియ్యడానికి చెయ్యి రాలేదు. వెర్నాకి కోపం రాలేదు. నీరసం వచ్చింది.

"ఎలా చచ్చాయి అవి?"

హార్లన్ బెంచీ మీద కూలబడ్డాడు. ఒక్కసారిగా అరవై కాస్తా ఎనభై అయినట్టుంది. "కొయోటీ నక్కలు గొర్రె పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. మా నాన్న కాలంనాటి మందు సీసా ఒకటుంది కొట్టంలో. ఎప్పుడో నిషేధించారు దాన్ని. కుళ్లిన ఆపిల్ పళ్లలో మాంసం ముక్కలు కలిపి మందు పోసి, తోట చివర పెట్టాను. నక్కల కోసమే పెట్టాను వెర్నా. పొద్దున్నే చూస్తే జింకలు పడున్నాయి. మంచులో, ఒకదాని పక్కన ఒకటి."

"పాతిపెట్టాల్సింది."

"నేలంతా రాయిలా గడ్డకట్టి ఉంది. అటవీ వాళ్లు చూస్తే తుపాకీ లైసెన్సు పోతుంది. కడుపు చీల్చి పేగులన్నీ తీసేస్తే మాంసం శుభ్రంగా ఉంటుందనుకున్నాను. గడ్డి తిన్నా విషం తిన్నా అంతా కడుపులోనే కదా ఉండేది. ఎప్పుడూ అలాగే చేస్తాం కదా, పేగులు తీసి, కడిగి..." ఆయన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఎవరో ఒకళ్లు తింటారు, వృథా కాదు అనుకున్నాను. పన్నులో నాలుగు డబ్బులు కలిసొస్తాయి, చర్చిలో పేరూ చదువుతారు."

"జూనీ సంగతి తెలిశాక?"

"ఎమరీ ఈగల మందు అన్నారుగా. అదే నిజం కావాలని రోజూ ప్రార్థన చేశాను."

వెర్నాకి ఆయన్ని కొట్టాలనిపించింది. దాంతోపాటే ఆ తెల్ల తల మీద చెయ్యి వెయ్యాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఏదో మిగిలిపోయిందని లోపల పీకుతోంది. నాలుగు తోళ్లు, నాలుగు చీటీలు. పన్ను తగ్గింపు కూడా నాలుగింటిదాకానే. ఇంత చక్కగా సరిపోవడమే ఆమెకు నచ్చలేదు. విషం పెట్టిన చోటికి వచ్చే జింకలకి రాష్ట్రం పెట్టిన పరిమితి తెలియదుగా.

"హార్లన్ గారూ. మీ తోటలో చచ్చినవి నాలుగేనా?"

ఆయన బెంచీ అంచుని పట్టుకున్నాడు.

"ఎన్ని?"

"ఐదు."

"ఐదోది ఏమైంది?"

"దానికి తగ్గింపు రాదు కదా. ఎమరీ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇక్కడే నేనే కోశాను, మోయడానికి వీలుగా." ఆయన పొయ్యి వైపు తిరిగాడు. "పొట్లాల మీద క్యాంపు పేరు రాసి, విందులకి పనికొస్తుందని ఫైర్ హాల్ ఫ్రీజర్లో పెట్టాను. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత వెళ్లి తీసేద్దామనుకున్నాను. రెండుసార్లు వెళ్లాను. వంటవాళ్లు అక్కడే ఉన్నారు. ఎందుకు తీస్తున్నావంటే ఏం చెప్పను?"

"ఇవాళ్టి చిల్లీ దేంతో చేస్తున్నారు?"

"ఎమరీ కొట్టు మాంసం కాదని డెల్మార్ నిన్న అందరికీ హామీ ఇచ్చాడట. మా క్యాంపు వాళ్లు కోసిందైతే భయం లేదన్నాడట." హార్లన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అందుకే నేను వెళ్లలేదు."

గోడ గడియారంలో ఐదు దాటింది. విందు మొదలయ్యేది ఐదింటికే.

వెర్నా పరిగెత్తింది. వెనకాల హార్లన్ ఏదో అంటున్నాడు, వినలేదు. కారు మంచులో ఒకసారి జారి, పట్టు దొరికి ఎక్కసాగింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో రేడియో. గురక తప్ప ఏమీ లేదు. తిట్టింది, బతిమాలింది, మళ్లీ నొక్కింది. మలుపు తర్వాత మలుపు వస్తూనే ఉంది, కొండ కొస మాత్రం రావడం లేదు. ఫైర్ హాల్లో ఈపాటికి ప్రార్థన అయిపోయి ఉంటుంది. వరసలో నిలబడి ఉంటారు. పిల్లల్ని ముందు పంపిస్తారు, ఎప్పుడూ అంతే. రేడియో వదిలేసి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. ఇంతకంటే తొందరగా పోయే దారి లేదు. పోతే లోయలో పడుతుంది.

కొండ కొసన రేడియో ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది.

"డెల్మార్! డెల్మార్, వినబడుతోందా?"

గిన్నెల చప్పుడు, పియానో, చాలామంది నవ్వులు. వాటిలోంచి అతని గొంతు. "వినబడుతోందమ్మా, అరవకు. ఎక్కడున్నావు? నీ వాటా ఉంచనా?"

"ఎవర్నీ తిననివ్వకు. గిన్నెలన్నీ లాగేసుకో. ఆ మాంసం హార్లన్‌ది. ఐదో జింక."

"మళ్లీ మొదలెట్టావా? అమ్మా తల్లీ, ఇవాళైనా..."

"ఒప్పుకున్నాడు డెల్మార్. ఆయనే చెప్పాడు. అందుకే విందుకి రాలేదు."

అటువైపు కుర్చీ పడిన చప్పుడైంది. "వడ్డన ఆపండి! ఎవరూ ముట్టుకోకండి!" అని అతను అరవడం, పియానో ఆగిపోవడం, ఎవరో పిల్ల ఏడుపు లంకించుకోవడం వినబడ్డాయి. వెర్నా కారు రోడ్డు పక్కన ఆపేసింది.

"ఎంతమంది తిన్నారు?"

"ప్రార్థన ఇప్పుడే అయింది. వరస ఇంకా కదల్లేదు." డెల్మార్ గొంతులో వెటకారం ఆనవాలు కూడా లేదు. "పిల్లలెవరూ తినలేదు, దేవుడి దయ. ఒక్క గిన్నే వడ్డించాను."

"ఎవరికి?"

అతను బయటికొచ్చి తలుపు వేసిన చప్పుడైంది.

"డార్లా వచ్చింది వెర్నా. అందరికీ దండం పెట్టి పోదామని ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. ప్రార్థనకి ముందే మొదటి గిన్నె ఆమె చేతికే ఇచ్చాను. రెండ్రోజులుగా ఏమీ తినలేదట పాపం. అడుగుదాకా తినేసింది."